మిగిలిన పదకొండు నిమిషాలు

సిందూ కొండరాళ్ళ కింద
రెండు గుంజలకు బిగించిన దుప్పటి మీద
నా మొదటి సినిమా.
వాగాడూగూలో చప్పట్లు తినొచ్చిన మనిషిని,
ముందు వరసలో కాలు మీద కాలేసుకు కూర్చున్నా.

తెర మీద తల్లి బావిలోకి వంగిందో లేదో
జనరేటర్ దగ్గి దగ్గి చచ్చిపోయింది.

డ్రిస్సా టార్చి పళ్ళ మధ్య పట్టుకుని
స్పార్క్ ప్లగ్గు తుడుస్తున్నాడు.
నేను క్షమాపణ వెతుక్కుంటున్నా, మూడు భాషల్లో.

అప్పుడు చీకట్లోంచి నియెలె అవ్వ గొంతు:
"అది నీళ్ళు చూడ్డంలేదర్రా,
తన మొహం ఇంకా ఉందో లేదో చూసుకుంటోంది."

అక్కణ్ణుంచి సినిమా ఆవిడే చెప్పింది.
నేను రాయని మేక ఒకటి వచ్చింది.
నేను చంపిన పిల్లాడు బతికాడు.
ఏడిపిద్దామనుకున్న చోట
జనం పొట్టలు పట్టుకుని నవ్వారు.

ప్లగ్గు బిగించినట్టున్నాడు,
టార్చి వెలుగు నా మీద పడింది.
వద్దన్నాను చేత్తో.

ఇన్నేళ్ళకి, ఎడిటింగ్ గదిలో
కుర్రాళ్ళు అడుగుతారు, షాట్ ఎక్కడ ఆపాలని.
తెలీదంటాను. అబద్ధం కాదు.
ముక్కుకి పెట్రోలు వాసన తగిలేదాకా ఆగుతాను,
అవ్వ కూర్చునేంత చోటు వదిలి
కోస్తాను.