వేలిముద్ర

ఎలక్షన్లయ్యాక సోంపేట స్టేషన్ నుంచి
తుపాకీ ఇంటికొచ్చింది,
రెండు గొట్టాల సందున ఎర్రటి పొడితో.

బారువలో ఉప్పు తలుపు తట్టి రాదు.
గొళ్లేన్ని తింది, సైకిల్ చైన్ని తింది,
మా నాన్న గొడుగు ఊచల్ని మిగల్చలేదు.

పదమూడేళ్లు బ్యాంకు గుమ్మంలో దీన్ని మోశాను.
ఒక్కసారీ పేల్చలేదు.
పేలని దానికే చాకిరీ ఎక్కువ.
తోలుసంచిలో దాచకూడదు, తోలు తడి తాగుతుంది.
గోడకి ఆనించకూడదు, వానాకాలం గోడకీ చెమటలే.
పాత లుంగీ ముక్క, నాలుగు చుక్కల నూనె,
గొట్టంలోంచి బల్బు గుండ్రంగా కనబడేదాకా.
చెప్పుల పెట్టెల్లో దొరికే తెల్ల గుళికల్ని
పారమ్మ పాత పెనం మీద వేపి మూటకడుతుంది,
"నా పురిటిక్కూడా ఇంత సేవ నేదు" అంటూ.

ఇవాళ ట్రిగ్గర్ పైన, ఇనుము మీద
ఒక బొటనవేలు తుప్పుగా తేలింది.
సగం గీతలే. నాది కాదు.
స్టేషన్లో ఎవడి చెయ్యో అని తిడుతున్నాను.

"నాదే" అంది పారమ్మ.
"నువ్వు అప్పజెప్పే ముందు రేత్రి
ఓపాలి ఎత్తి సూసినాను,
బరువెంతుంటాదో అని."
ఎంతుంది?
"నీళ్లబిందె కన్నా తక్కువే."

జీడిపిక్కల పాలు తినేసిన వేలది.
బ్యాంకు మిషన్ మీద ఎన్నిసార్లు నొక్కినా
నువ్వెవరంటుంది.
నేను గుమ్మంలోంచి చూస్తూ నిలబడేవాణ్ని,
భుజాన ఇదే తుపాకీతో.

రుద్దాలి.
ఇవాళ రుద్దకపోతే రేపటికి గుంట పడుతుంది,
ఎవరడిగినా ఇదే చెబుతాను.
పారమ్మ బల్బు దగ్గరగా పట్టుకుని
"కానియ్" అంది.
లుంగీ ముక్క నా చేతిలోనే
నూనెంతా తాగేసింది.