ముగ్గురాయి

మంగంపేట మిల్లులో సంచులకు పేర్లు కొట్టే పని నాది.
రేకు అచ్చు ఆనించి నల్లరంగు బ్రష్షుతో రెండు విసుర్లు:
బరువు, గ్రేడు, చేరాల్సిన రేవు.
తొమ్మిదేండ్లుగా కొడతాండా,
ఏ రేవు ఎట్లుంటాదో చూసింది లేదు.

ముగ్గురాయి అంటాం మేం దీన్ని.
మా జేజి దంచి, జల్లించి, వాకిట్లో చుక్కలు పెట్టేది.
ఇప్పుడది సముద్రం అడుగున బావి తవ్వేటోళ్ళకు పోతాది.
గ్యాసు ఎగదన్నకుండా అదిమిపట్టే బరువు ఇదేనంట,
ల్యాబులో పెంచలయ్య చెప్పినాడు.

ఆ నడుమ ఆ రేవుండే దేశంలో
ఓట్లపెట్టెల మీద బూట్లు పెట్టి
ఒక దండనాయకుడు టీవీలో కూర్చున్నాడు.
ఛాతీనిండా పతకాలు,
ఏ యుద్ధంలో గెల్చినవో ఎవరూ అడగలేదు.
గెలిచినోళ్ళను వాళ్ళిండ్లల్లోనే పెట్టి తాళమేసినాడు.
బడిపంతుళ్ళు గంటెలతో గిన్నెలు కొడతా వీధిలోకొస్తే
కాల్పించినాడు.
పెంచలయ్య ఫోను నా మొగం కాడికి తెచ్చినాడు,
"చూడక్కా, నువ్వు అచ్చు కొట్టే పేరు."

టీకొట్టు కాడ మాట లేచింది.
లోడింగు మేస్త్రి ఓబులేసు అన్నాడు:
"ఆ దేశానికి అన్నీ బందు పెట్టాల. బియ్యం, నూనె, మందులు.
కడుపు కాలితే జనమే వాణ్ణి కిందికి ఈడుస్తారు."

నేను గ్లాసు కింద పెట్టినా.

ఓబులేసూ, నాకు పదేండ్లప్పుడు మా పేటను వెలేసినారు.
పెద్దమనిషి ఎదురొస్తే
ఒక పిల్లోడు, ఒకే పిల్లోడు, సైకిలు దిగలేదని.
పిండిమర ఆడలేదు మాకు. అంగట్లో ఉప్పు లేదు.
బోరింగు పిడికి గొలుసు.
నలభైమూడు ఇండ్లు, మూడు నెలలు.
ఆ పిల్లోడు మూడోనాడే బెంగుళూరు బస్సెక్కినాడు.
నీళ్ళబిందెతో రైలుకట్ట దాటతా
మా చిన్నమ్మ కడుపు పోగొట్టుకునింది.

దండనాయకుడు పస్తుంటాడా చెప్పు?
బియ్యం ఆగితే
వాని గాదెలో బియ్యానికే ధర పెరుగుతాది.

మా అబ్బ బందెలదొడ్డి కాపలా.
ఒకరి చేన్లో పడి మేసిన ఎద్దునే తోలకొచ్చేవాడు,
మందనంతా కాదు.
ముట్టె వాసన చూసేవాడు.
పాలుగారే జొన్న మేసి నోరు దాచుకోలేదంట ఏ గొడ్డూ.
దండుగ కట్టిందాకా
ఎంత పెద్దింటి ఎద్దయినా గుంజకే.

అట్ల చెయ్యమను.
వాని ముట్టె వాసన చూడమను.
ఏ బ్యాంకులో దాచినాడో ఆ పెట్టెకు తాళం,
కొడుకు పేరుమీది కంపెనీకి, అల్లుడు కొన్న మేడకు,
భార్య వైద్యానికని దిగే విమానానికి,
తుపాకులమ్మే బేహారికి,
గ్యాసు దుడ్లు పోయి పడే ఆ ఒక్క ఖాతాకు.
పేరుపేరునా రాయమను,
మేం సంచిమీద కొట్టినట్ల, పెద్దక్షరాల్లో, వానకు చెరిగిపోకుండా.
బియ్యానికీ మందులకూ దారి ఇడిచిపెట్టమను.
ఆ పంతుళ్ళ గిన్నెల్లో ఏదన్నా ఉండాల గదా,
మళ్ళా కొట్టేకి సత్తువకు.

ఓబులేసు సిగరెట్టు ఆర్పినాడు.
"ఆ ఖాతాలోకి మన రాయి కూడా పోతాది గదక్కా.
అది ఆగితే నీ కూలి?"

నాలుగొందల యాభై. శనివారం చీటీ.
నాకు జవాబు రాలేదు.
సైరను మోగింది.

మధ్యాన్నం మళ్ళా ఆ రేకే చేతికొచ్చింది.
సంచికి ఆనించినా.
రేవు పేరులో మొదటక్షరం బోలుగా ఎదురుచూస్తా ఉంది.
బ్రష్షు డబ్బా అంచున పెట్టి అడిగినా:
"ఈ సరుకు ఎవరికి సార్?"
"కంపెనీకి," అన్నాడు సూపర్‌వైజరు.
"కంపెనీ ఎవరిది?"

తొమ్మిదేండ్లలో నేనడిగిన మొదటి మాట.
ఆయన చూస్తాండాడు.
బ్రష్షు మీద రంగు ఆరిపోతాంది.