తలకట్టు

మూసాపేట మెట్రో స్టేషన్ ఎదురుగా
టైల్స్ దుకాణం పైన మూడో అంతస్తు మా ఆఫీసు.
శుక్రవారం సాయంత్రం మేనేజర్ వచ్చి
"సోమవారం సర్టిఫికెట్లు పోవాలె.
పేర్లు చూడు, అంగడి లెక్క ఉన్నయ్.
జర సాపు చెయ్" అన్నాడు.

పదకొండు వేల నాలుగు వందల పేర్లు.
నిజమే, అంగడే.
కొందరు గొంతు చించుకున్నట్టు
అన్నీ పెద్దక్షరాలు.
కొందరు గోడవారగా నడిచిపోయినట్టు
అన్నీ చిన్నవి.
ఇంటిపేరుకీ పేరుకీ నడుమ
ఒకచోట మూడు ఖాళీలు,
ఒకచోట గాలి కూడా దూరదు.

నాలుగు వరుసల కోడ్ రాశాను.
ముందు అందరినీ చిన్న చెయ్,
ఖాళీ దగ్గర తెంపు,
ప్రతి ముక్కలో మొదటి అక్షరాన్ని లేపి నిలబెట్టు,
మళ్లీ అతుకు.
నీళ్ల బాటిల్ మూత తీసి
రెండు గుక్కలు తాగేలోపు
అందరూ బడి ప్రార్థనలోలా
వరుసకు వచ్చేశారు.
గర్వమైంది. అబద్ధమెందుకు.

నమూనాలు మెయిల్లో వెళ్లాయి.
శనివారం ఫోన్లు.

"మేడం, నేను కె.వి.ఎన్. మాధవాచారిని.
కె ఒక్కటే నిలబడ్డది, వి, ఎన్ కూలబడ్డయ్.
వి అంటే మా తాత, మేడం."

హఫీజ్‌బాబానగర్ నుంచి ఎండీ నయాబ్ రసూల్:
"టెన్త్ మెమోల ఎం, డి రెండూ పెద్దవే.
ఒక్కటి మారినా పాస్‌పోర్టు ఆఫీసుల
తిప్పి పంపుతరు."

నాలుగు వరుసలు నలభై అయ్యాయి.
చుక్కకొక నియమం, ఎండీకొక నియమం,
మినహాయింపుకు మళ్లీ మినహాయింపు.

సాయంత్రం ఇంకొకామె.
బొడ్డుపల్లి యాదమ్మ, చింతల్,
బస్తీ దవాఖానాలో ఆయా.
కంప్యూటర్ మొదటి పాఠాలు, డెబ్భై ఎనిమిది మార్కులు.
ఫిర్యాదు కాదు, భయం.
"నా పేరు చిన్నగైంది బిడ్డా,
మార్కులేమన్న తగ్గిచ్చిన్రా?"

లేదమ్మా, అన్నాను.
అన్నీ పెద్దవి ఎందుకు రాశారు, అని అడిగాను.

"కీబోర్డు మీద అన్ని పెద్దయే ఉన్నయ్ కద.
నేను నొక్కితే చిన్నయి పడ్డయ్.
ఉన్నది ఉన్నట్టు పడాలంటే
మా మనవరాలు ఒక బటన్ చూపిచ్చింది.
దాని మీద చిన్న లైటు ఎలుగుతది.
అది ఎలిగినంకనే నేను పేరు రాస్త."

కిందికి చూశాను.
ఎనిమిదేళ్లుగా నా వేళ్ల కిందే ఉన్నాయి.
అవును, అన్నీ పెద్దవే.

పాత జాబితా తెరిచి
ఈసారి పేర్ల పక్కన సమయాలు చదివాను.
చిన్నక్షరాల కుర్రాడు ఫోన్లోంచి రాశాడు,
అర్ధరాత్రి దాటి ఒకటీ నలభైకి.
ఏ గేటు ముందు నిలబడి, ఎవరి బిర్యానీ పట్టుకుని?
నాకు తెలియదు. కోడ్‌కి అసలే తెలియదు.

ఆరు వేల రెండు వందల పద్దెనిమిదో వరుసలో
తెలుగులో ఒక పేరు: గుగులోతు చాంది.
చిన్న చెయ్ అన్నాను, చిన్న కాలేదు.
పెద్ద చెయ్ అన్నాను, పెద్ద కాలేదు.
నా నలభై వరుసలూ
ఆమెను ముట్టుకోకుండానే దాటి వెళ్లాయి.
గు నెత్తిన తలకట్టు, ది నెత్తిన గుడి,
ఎవరి బరువు వాళ్లది.
మొదట నిలబడ్డందుకు ఎవరికీ పెద్దరికం లేదు.

అట్లా అని మేమేం
అంత మంచివాళ్లం కాదు లెండి.
యాదమ్మ పేరులోనే చూడండి,
రెండో మ
మొదటి మ కిందే వేలాడుతుంది.

సోమవారం ప్రింటర్ వేడెక్కింది.
మేనేజర్ ఒక కాగితం పట్టుకుని వచ్చాడు.
పేరు పొడవెక్కి, చివరి అక్షరం
అంచున ఉన్న బంగారు తీగను తొక్కింది.
"ఇదొక్కటి గిట్లెందుకుంది? కోడ్ తప్పా?"

కాదు సార్, అన్నాను,
అక్కడ లైటు వెలుగుతోంది.