ఇతర వివరాలు, ఉంటే

దుకుమ్‌లో జూలై గాలి
రేవు ఇసుకంతా తెచ్చి మా క్లినిక్ తలుపు సందుల్లో కూరుతుంది.
ఆ గాలికి టవర్ ఊగితే
ఒక మనిషి ఛాతీ దారి మధ్యలో ఆగిపోతుంది,
నలభై రెండు శాతం దగ్గర.
మెడ ఎముకలు చేరాయి. గుండె ఇంకా ఇక్కడే ఉంది.

నేను తీసేదాన్ని. చదివేదాన్ని కాను.
చదివే ఆవిడ ఎక్కడుంటుందో తెలీదు.
రిపోర్టు అడుగున మూడు పొడి అక్షరాలు, ఒక టైము.
పక్కటెముకల లెక్క తేడా వచ్చి ఒక్కసారి ఫోన్ చేసింది;
మాట వెనక కుక్కర్ రెండు కూతలు కూసింది.
మూడోది రాకముందే పెట్టేసింది.
ఆ పప్పు ఉడికిందో లేదో
ఇప్పటికీ నాకు అనుమానమే.

రోజుకి అరవై ఛాతీలు.
డ్రైడాక్ వాళ్లు, చేపల ఫ్యాక్టరీ వాళ్లు, పైపులు మోసేవాళ్లు.
"ఊపిరి బిగబట్టు" అని ఏడు భాషల్లో అనగలను.
వాటిలో నాలుగింట్లో మంచినీళ్లు అడగడం రాదు.

ఇవాళ పదిహేడో నంబరు.
ఇంటిపేరుకో గడి, పేరుకో గడి.
గుర్రాల. ఓదెలు.
"గడ్డం పైకెత్తండి. ఊపిరి బిగబట్టండి."
బిగబట్టాడు.
తెలుగులో అన్న సంబరంలో
వదలమని చెప్పడం మరిచాను.
అద్దం అవతల్నుంచి సన్నగా, "ఇడువాల్నా మేడం?"
అడగడంతోనే వదిలేశాడు, పాపం.

తెర మీద
రెండు ఊపిరితిత్తుల పైభాగాన చుక్కలు,
ఎవరో గుప్పెడు జొన్నలు చల్లినట్టు.
చదివేదాన్ని కాను, పదకొండేళ్లుగా చూస్తున్నదాన్ని.
ఈ చుక్కలకి ఇక్కడ ఒకటే పేరు.
ఆ పేరుకి వెనక్కి వెళ్లే ఒకటే విమానం.

"ఏం పని చేసేవాళ్లు అక్కడ?"
"గ్రానైటు క్వారీల. పన్నెండేండ్లు డ్రిల్లు వట్టిన."
సంచిలోంచి లుంగీలో చుట్టిన గొట్టం తీశాడు.
"గిది నా పాత పటం. కరీంనగర్ల దీసిన్రు, ఆరేండ్లాయె.
పారెయ్యబుద్ధి గాలె. నా బొమ్మే గదా."

ఫిల్ము. వంచితే రేకులా చప్పుడు చేసే అసలు ఫిల్ము.
దాన్ని చూసే లైటు పెట్టె మా దగ్గర లేదు.
పరదా లాగి కిటికీకి ఆనించాను.
ఎండ ఆయన పక్కటెముకల మధ్యలోంచి గదిలోకి దిగింది.
బయట ఆగిన నీళ్ల లారీ
సరిగ్గా గుండె ఉండాల్సిన చోట.
మూలన తెల్ల సిరా: ఓదెలు, 34, మగ.
జొన్నలు అప్పుడూ ఉన్నాయి.

ఫోటో తీసి జత చేశాను. రూలు ఒప్పుతుందో లేదో చూడలేదు.
తర్వాత, ఎప్పుడూ ఖాళీగా వదిలే గడి:
ఇతర వివరాలు, ఉంటే.
నూట ఇరవై అక్షరాలు పడతాయి అందులో.
పన్నెండేళ్ల రాతి దుమ్ము ఎన్ని అక్షరాలు?
క్వారీ కార్మికుడు అని కొట్టి, చెరిపి,
రాయి తొలిచేవాడు అన్నాను. దగ్గు లేదు. పాత ఫిల్ము ఉంది.
దయచేసి పోల్చండి.
"దయచేసి"కి చోటు చాల్లేదు.

గాలి. నలభై రెండు శాతం.
"అది ఏడికి వోతది మేడం?"
"ఒక డాక్టరమ్మ దగ్గరికి."
"దూరమా?"
"తెలీదు."
"నా లోపల జూసేటామె నన్ను జూడదా?"
కాసేపాగి తనే అన్నాడు,
"మంచిదే తియ్. గడ్డం గీసుకోలే ఇయ్యాల."

నాలుగుంబావుకి వచ్చింది.
పాత నీడలే. ఆరేళ్లలో మార్పు లేదు. రాతి దుమ్ము కావచ్చు.
కళ్లె పరీక్ష చేయించండి.
ఫిట్టూ కాదు, అన్‌ఫిట్టూ కాదు. మూడు రోజులు.
ఆ మూడు పొడి అక్షరాల పైన
రిపోర్టుల్లో ఎవరూ రాయని వాక్యం ఒకటి:
పాత ఫిల్ము ఎవరు దాచారు? మంచి పని చేశారు.

చదివి వినిపించాను.
"నేనే దాసిన అని రాయిండ్రి" అన్నాడు ఓదెలు.

అందులో జవాబు రాసే గడి లేదు.
యాభై రెండో నంబరు అప్పటికే చొక్కా విప్పుతున్నాడు,
ఏ భాషో కనుక్కోవాలి.