వగరు

బారీలే అనే ఊళ్ళో, వుల్తూరే కొండ కింద,
నిప్పు ఆరిపోయి యుగాలైన రాతిలో
తొలిచిన గుహలు, ఇంటికొకటి.
ఇంకొరొనాతా తాళంచెవి నడుముకే ఉంటుంది,
ఎనభై రెండేళ్ళ నడుముకి.

ముందు కొత్తది.
అన్న మనవరాలు సవీనా
తన చేత్తో తీసిన మొదటి పంట.
పీపాలోంచి గాజు గొట్టంతో లాగి
ముగ్గురికీ పోసింది, నాకు కాస్త ఎక్కువే.
నేరేడుపళ్ళు తిన్న పిల్లాడి నాలుక రంగు,
అంచున వంకాయ నిగనిగ.
ముక్కు దగ్గర పెడితే
పచ్చి కాడ, మిరియం,
గొళ్ళెం తియ్యగానే బయటికి ఉరికే పిల్లల గోల.
నోట్లో పోసుకున్నాను.
పట్టుకుంది.
చిగుళ్ళనీ బుగ్గల లోపలి గోడల్నీ
కోసిన కత్తిని అరటికాయ జిగురు పట్టుకున్నట్టు.

వగరు.
ఎవరూ మారు అడగని రుచి.
ఉగాదినాడు కూడా
మామిడి పిందె చాటున నక్కి వచ్చే రుచి.
పొగరుకి తోబుట్టువు.

"తలుపు తట్టకుండా లోపలికొచ్చేసింది"
అంది ముసలామె.
సవీనా మొహం చిన్నబోయింది.

ఇక పాతది.
ఎనభయ్యో సంవత్సరం, నవంబరు, ఆదివారం,
దీపాలు పెట్టే వేళ
నేల నిమిషంన్నర పాటు ఊగింది.
గుహలో తొట్టినిండా తొక్కలతో పులుస్తున్న రసం.
మనుషులంతా పొలాల్లో, గుడారాల్లో, మంచులో.
పదహారు రోజులు ఎవరూ దాని మొహం చూడలేదు.
తీసేసరికి సిరా.
ఆమె పెనిమిటి వితాంతోన్యో
ఒక్క గుక్క తాగి ఉమ్మేసి
"దీంతో తోళ్ళు పదును చెయ్యొచ్చు" అన్నాడు.
అయినా పారబొయ్యలేదు.
ఆ ఏడు దేన్నీ పారబొయ్యడానికి
ఎవరికీ మనసొప్పలేదు.
సీసాలకెత్తి గోడవైపు తిప్పి పెట్టాడు.
పదేళ్ళకోసారి ఒకటి తెరవడం,
మొహం ముడుచుకోవడం, మళ్ళీ తాళం.
అతను పోయాక ఆమె ముట్టలేదు.

మిగిలినవి మూడు.
మొదటిదాని బిరడా పొడిపొడి,
లోపల పుల్లనీళ్ళు.
"పోయింది" అని పక్కన పెట్టిందంతే.

రెండోది.
ఇటుక రంగు. అంచున పలచని తేనె.
కొవ్వొత్తి వెలుగులో సీసా అడుగున మడ్డి.
ముందు వాసనే లేదు.
ఆనక ఒక్కొక్కటే వచ్చాయి, అడిగి మరీ:
మూసి ఉంచిన బీరువా, తడిసిన ఇనుము,
ఎండు అంజూర, వాడిన గులాబి,
వానకి ఆరిన పొయ్యి.
సవీనా నాలుకతో వెతుకుతోంది.
ఏదీ ఆ పిడికిలి?
ఉంది. బిగించడం మానేసింది.
సంతలో పిల్ల తప్పిపోకుండా
నడుస్తూ నడుస్తూ పట్టుకునే చెయ్యిలా
అలా పట్టుకుని ఉంది, మింగాక కూడా.

నా భాషలో వగరుకి
చివరి అక్షరం మారిస్తే వగపు.
ఇద్దరికీ ఆ భాష రాదు.
గ్లాసులోకి చూస్తూ ఊరుకున్నాను.

ఇరవై నిమిషాలు కాబోలు.
మా కళ్ళముందే వెళ్ళిపోవడం మొదలెట్టింది.
ముందు గులాబి, తరవాత అంజూర.
ఇనుము మాత్రం కాసేపు ఆగింది.
సవీనా కళ్ళు మూసుకుని
గుక్క గుక్కకీ మధ్య ఊపిరి లెక్కపెట్టుకుంటూ తాగింది.
ముసలామె తన గ్లాసు పిల్లవైపు జరిపింది.

"ఇదంతా నాకు తెలుసు. నేనక్కడే ఉన్నాను.
ఆ కుర్రదాన్ని పొయ్."

పోసింది.
ముసలామె నిండా తాగింది.
మొహమంతా ముడతలమీద ముడతలు పడింది.
నవ్వింది, పళ్ళన్నీ నల్లగా.
"మా ఆయనైతే ఉమ్మేసేవాడు" అంది.
గొట్టం కడుగుతున్న పిల్ల చెయ్యి ఆగింది.

"బాగుంది. గోడవైపు తిప్పి పెట్టు."