చేబదులు

పుస్తకాలింకా గోనెసంచీలోనే ఉన్నాయి.
నిన్న సాయంత్రం మొఖోట్లోంగ్ నుంచి టాక్సీ నెత్తిన
క్యాబేజీ బస్తాల మధ్య ఒరుసుకుంటూ వచ్చాయి.
పంతొమ్మిది ప్రతులు. నా తరగతిలో ముప్పై నాలుగు మంది.
ఈ లెక్క సంగతి తర్వాత చూద్దాం.

ఇన్‌స్పెక్టరు పంపిన కాగితంలో
నవల మొదలుపెట్టే ముందు ఇతివృత్తాలు పరిచయం చేయవలెనని,
కింద నింపడానికి ఐదు గీతలు.
విశ్వాసం, ద్రోహం, భూమి, తండ్రి, అప్పు అని రాసి
రాత్రి పొయ్యి దగ్గర కూర్చుని నాలుగు కొట్టేశాను.
పదిహేనేళ్ల పిల్లలకి
పెద్ద మాటలన్నీ ఒకే పళ్లెంలో పెడితే
ఒక్కటీ అరగదు.

కథ చిన్నదే.
మంచు కురిసే రాత్రి ఒకడు
పొరుగువాడి గుర్రాన్ని అడిగి తీసుకుంటాడు.
తిరిగివ్వడు.
మిగతా రెండువందల పేజీలూ
ఆ ఇవ్వకపోవడమే.

అంచేత శుక్రవారం చెప్పాను:
సోమవారం వచ్చేప్పుడు
మీది కానిదేదైనా ఒకటి పట్టుకురండి.
కొట్టేసినది కాదు. అడిగి తెచ్చుకుని
ఇవ్వడం మరిచినది,
లేదా మరిచినట్టు ఊరుకున్నది.

ఆగస్టు చలి. కిటికీ పగిలినచోట అట్టముక్క.
దుప్పట్లకి పిన్నులు గుచ్చుకుని వచ్చి
ఒక్కొక్కరే బల్ల మీద పెడుతున్నారు.
సెయాబాటా గొర్రెల కత్తెర తెచ్చాడు, మేనమామది,
ఒక రెక్కకే తుప్పు.
న్థాటువా ఒంటి చెవిపోగు.
రెండోది పారేసుకుందట,
ఒక్కటే ఎలా ఇవ్వనని ఇదీ ఉంచేసుకుందట.
మొకెటె సైకిలు పంపు.
"సైకిలేదిరా?"
"సైకిలు లేదు మేడం."
ఒక పిల్ల ఖాళీ కప్పు పెట్టింది.
"కప్పు మాదే. అందులో వచ్చిన చక్కెర పక్కింటిది.
తినేశాం కదా, ఎలా తేను?"

మరి ఇచ్చినవాళ్లు దారిలో ఎదురైతే?
"వాగు దిగి అటు తిరిగిపోతా."
"నేనైతే ముందే పలకరిస్తా మేడం, గట్టిగా,
వాళ్లు నోరు తెరిచే లోపలే."
నవలలో నలభైమూడో పేజీ అది.
అన్నవాడు పుస్తకం ముట్టనైనా లేదు.
ఎరువు సొమ్ము బరువంటారు గానీ
ఎక్కువ బరువు నాలిక మీదే.

చివరి బెంచీలో న్‌ట్జా.
చేతులు దుప్పట్లోంచి బయటికి తీయలేదు.
"నువ్వేం తేలేదా?"
"పేరు తెచ్చాను."

ఆ పేరుకి అర్థం ఇక్కడ పసివాళ్లకీ తెలుసు. కుక్క.
వాడికి ముందు ముగ్గురు పుట్టి పోయారు.
నాలుగోవాడికి తల్లి మంచి పేరు పెట్టలేదు.
చావు గుమ్మంలోకి తొంగిచూసి
ఇది కుక్కే కదా అనుకుని
పక్క కొండకి పోవాలని.

"నేను తిరిగివ్వాల్సినవాణ్ణే మేడం," అన్నాడు,
"మా అమ్మ ఇవ్వలేదు. దాచేసింది."

ఎవరూ నవ్వలేదు.
మొకెటె చేతిలో పంపు ఒకసారి ఉస్సుమంది.

గుర్రం ఇవ్వనివాడు దోషి అని
మూడేళ్లుగా ఇదే తరగతిలో చెబుతున్నాను.
ఈ పూటకీ అదే రాసుకొచ్చాను, గుండ్రటి అక్షరాల్లో.
బోర్డు వైపు తిరిగి
సుద్దముక్క పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను.
చివరికి "గుర్రం" అని మాత్రం రాశాను.

తర్వాత సంచీ విప్పాం.
ఇద్దరికొకటి. నలుగురు మాత్రం ఒంటరిగా చదువుతామన్నారు.
రాత్రి ఎవరింట్లో ఉండాలి, కొవ్వొత్తి ఎవరిది,
అప్పుడే తగువులు.
న్‌ట్జా పుస్తకం వాసన చూసి
వెనక అట్ట తిప్పి
జిల్లా లైబ్రరీ ముద్ర మీద వేలు పెట్టి అడిగాడు:
"ఎప్పటికివ్వాలి?"

నవంబరు ఏడన్నాను.
తలూపాడు.

గంట కొట్టాక గది ఊడుస్తుంటే
బల్ల మీద గొర్రెల కత్తెర.
సెయాబాటా మళ్లీ మరిచిపోయాడు.
ఉన్ని కోతలు వచ్చే నెలే.