పదకొండు సెకండ్లు

ఒక్క సినిమాకు ఏడు డిస్కులేందని
పుష్పలత మొన్న గూడ అడిగింది.
ఒక్క సన్నబియ్యానికే ఈ మిర్యాలగూడల
మిల్లుకో పేరు, సంచికో బొమ్మ లేదా అన్న.
వేబ్రిడ్జి కాడ ఇరవై రెండేండ్ల సంది కాంటా రాస్తున్నోన్ని,
తూకం తెల్వదా నాకు?
నవ్వలేదు. అల్మారల చీరెలకు జాగ లేదన్నది.
అదీ నిజమే.

మొదటిది రెండు ముక్కల వీసీడీ.
సాగర్ రోడ్డు మీద జానిమియా దుకాణం ఎత్తేసినప్పుడు
కిలోల లెక్కన అమ్ముతుంటె ఏరుకున్న.
ఇంటర్వెల్ ఒక తాన, డిస్కు మార్చేది ఇంకో తాన.
పెండ్లిపిల్ల తల వంచంగనే
తెరంత నీలం.

రెండోది మూడు సినిమాలను ఒక్కదాంట్ల కుక్కిన డీవీడీ,
మొఖాలు అటుకుల లెక్క పల్చగ.
మూడోది యాభయ్యేండ్ల పండుగకు తెచ్చిన రేకు డబ్బ,
లోపల చిన్న బుక్కు, కెమెరా పట్టినాయన ముచ్చట్లు.
నాలుగోది మళ్ళ అదే, అట్ట మార్చి.
తెలిసే కొన్న.
తెలిసి కొన్నదాని ధర నన్ను అడుగొద్దు.
అయిదు, ఆరు నేను తీసిన కాపీలు,
ఒకటి ఇంట్ల, ఒకటి మిల్లు ఆఫీసు సొరుగుల.
ఇల్లు కాలినా, మిల్లు మునిగినా
ఒక్కటన్న మిగలాలె.

ఏడోది పోయిన నెల వచ్చింది.
నెగెటివ్ కడిగి, బియ్యంల రాళ్ళేరినట్టు
మరక మరక ఏరి, కొత్తగ చేసిన్రట.
తలుపేసుకొని సూసిన.
ఆమె చీరె ఎర్రది కాదు, మెంతి రంగు.
ఇన్నేండ్లు ఎర్రదనుకున్న.

పాత వీసీడీల నలభై ఏడో నిమిషం కాడ
ఒక గీత ఉంటది.
బొమ్మ గడ్డలు గడ్డలుగ పగిలి,
గొంతు ఎక్కిళ్ళు పెట్టి,
పదకొండు సెకండ్లు ఏమీ ఉండదు.
మిల్లు ఎనక రేకుల రూములల్ల
ఎన్నిసార్లు కిరాయికి తెచ్చి సూసినమో దాన్ని!
ఊక దుమ్మును బనీనుతోటి తుడిచి తుడిచి
మేమే పెట్టిన గీత కావచ్చు.

సంచులు కుట్టే సైదమ్మ
టీవీ దిక్కు ఈపు పెట్టి, దబ్బనం ఆపకుంట
ఆ సందుల తనే మాట చెప్పేది:
"పోతె పో. నీ నీడను మాత్రం ఈ గడప మీద ఇడిచిపో."
హమాలీలు బీడీలు ఆర్పి ఇనేటోళ్ళు.
లారీ డ్రైవరొకాయన, ఏ ఊరోడో,
తువ్వాలతోటి మొఖం తుడుచుకున్నడు.
పందొమ్మిదేండ్ల నేను
ఆ మాటను కాంటా చీటి ఎనక రాసుకున్న.

కొత్త డిస్కుల గీత లేదు.
ఆయన చెప్పులు తొడుక్కున్నడు.
ఆమె ఏమీ అనలేదు.
గడప కాడి చెంబు తీసుకొని
లోపలికి పోయింది.
ఎక్కడనో రైలు కూత.
అంతే.

మూడుసార్లు ఎనకకు తిప్పిన.

కుట్టే మిషన్లు వచ్చినంక సైదమ్మ
హుజూర్‌నగర్ పోయి మిర్చి బండి పెట్టింది.
నంబరు దొరకబట్టి ఫోన్ చేసిన.
"నేనేడ సూసిన పిల్లగా," అన్నది నూనె సప్పుడు నడుమ,
"నా ఈపు కదా సూసింది సినిమా!
ఖాళీ ఉంటె నోరు ఊకుంటదా, ఏదో అని ఉంట."
ఏమన్నదో యాదికి లేదంట.
నేను చెప్పిన.
కాసేపు నూనె ఒక్కటే ఇనబడ్డది.
"మంచిగనే అన్న," అన్నది.

ఆ రాత్రి పాత వీసీడీ పెట్టి
గీతతో సహా కాపీ తీసిన.
గీత కాడికి రాంగనే కంప్యూటర్ గునిసింది,
ఈ జాగ చదువొస్తలేదు, ఆపెయ్యాల్నా అని అడిగింది.
వద్దన్న. ఉన్నది ఉన్నట్టే రానియ్యి.

రొండు గంటలకు ట్రే బయటికొచ్చింది.
డిస్కు జొన్నరొట్టె లెక్క గోరువెచ్చగ ఉన్నది.
నల్ల మార్కరుతోటి సినిమా పేరు రాయలే,
"మాటలు: సైదమ్మ" అని రాసి
చీరెల అడుగున పెట్టిన.